మడత పోని చీర

గాలి.

ఆ ఊళ్ళో అందరికన్నా ముందు లేచేది గాలే. మనుషులకన్నా ముందు, పిట్టలకన్నా ముందు. లేచీ లేవగానే ఆసుపత్రి మేడ మీద ఆరేసిన తెల్ల దుప్పట్లను పట్టుకుని ఊపేది.

ఫట్... ఫట్... ఫట్...

ఎవరో పెద్ద పెద్ద చేతులతో చప్పట్లు కొడుతున్నట్టు. దాని వెనకే తడిబట్ట వాసన, సబ్బు వాసన, అట్టడుగున ఎక్కడో మందుల వాసన.

ఏడాది పాటు ఆ చప్పుడుకే ఆమెకి మెలకువ వచ్చింది. ఈరోజు చప్పుడుకన్నా ముందే వచ్చింది. లేచి కూర్చుని ఎక్కడున్నానా అని చూసుకుంది. గోడకి ఆనించిన పెట్టె. పెట్టె మీద మడిచిన కోటు. కోటు మీద గది తాళంచెవి.

ఎక్కడుందో తెలిసింది.

ఎక్కడికి వెళ్ళాలో కూడా తెలుసు.

మధ్యలో ఏదో తెలియలేదు.

నర్సులకి పాఠాలు చెప్పే మనిషి ఆమె. సొంతూరి ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళు చెప్పింది. ఈ పరాయి దేశంలో కొత్తగా నర్సుల బడి పెట్టి, ఒక్క ఏడాది వచ్చి నిలబెట్టి వెళ్ళమంటే వచ్చింది. "ఏడాదేగా, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది" అన్నాడు భర్త, సాగనంపుతూ.

ఆమె కళ్ళు మూసుకోలేదు.

అదే పొరపాటైంది.

పొద్దున్నే ఫోను. కూతురు. పద్నాలుగేళ్ళ పిల్ల.

"అమ్మా, బీరువాలో నీ అర ఖాళీగానే ఉందిగా, నా పుస్తకాలు పెట్టుకున్నా. నువ్వొస్తే తీసేస్తాలే."

"ఎందుకే, ఉండనీ."

"మరి నీ బట్టలెక్కడ పెట్టుకుంటావ్?"

ఏం చెప్పాలో ఆమె ఆలోచిస్తూండగానే, "అత్త పిలుస్తోందమ్మా, ఉంటా" అని పెట్టేసింది.

అత్తంటే భర్తకి అక్క. ఈమెకి వదిన. తన ఇల్లు వదిలి వచ్చి, ఈ ఏడాదీ రెక్కలు ముక్కలు చేసుకుని తమ్ముడి ఇంటిని నడిపింది. వంటింట్లో డబ్బాల వరస మార్చిందట. ఇప్పుడు అన్నీ చేతికి అందుతున్నాయట. మంచి మనిషి. పల్లెత్తు మాట అనడానికి లేదు. అదే ఇబ్బంది.

మొదటి నెలల్లో పిల్ల రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి "ఎప్పుడొస్తావ్?" అని ఏడ్చేది. ఆరో నెల నుంచి ఆ మాట అడగడం మానేసింది. పిల్ల గట్టిపడింది. మంచిదే.

మంచిదే కదా...

తాను లేకుండా ఆ ఇల్లు నడవడం నేర్చుకుంది. రేపటి నుంచి తాను లేకుండా నడవడం ఈ ఊరు నేర్చుకుంటుంది. ఇక మిగిలింది తాను. ఎవరు లేకుండా నడవడం తాను నేర్చుకోవాలో... తెలియలేదు.

మెట్ల కింద దర్జీ ఆవిడ కుట్టుమిషను మోగుతోంది. ఆమె అద్దెకున్న గది ఆవిడదే. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మాటలు ఓ రెండు వందలుంటాయేమో. ఆ రెండు వందలతోనే ఏడాదంతా కబుర్లు చెప్పుకున్నారు, పోట్లాడుకున్నారు. ఒకసారి నాలుగు రోజులు అలిగి మాట్లాడుకోలేదు కూడా. మాటలు చాలక తగువు సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ అలాగే ఉంది.

"ఇదిగో నీ జాకెట్టు. రెండు కుట్లు విప్పాను. మా ఊరి రొట్టె నీకు బాగానే ఒంటబట్టింది" అంది దర్జీ ఆవిడ, తల ఎత్తకుండా.

ఏడాదంతా ప్యాంటూ కోటూ వేసుకున్న మనిషి. వెళ్ళే రోజైనా చీర కట్టుకుని రమ్మని బడి పిల్లలు ప్రాణం తీశారు. పెట్టె అడుగున ఏడాదిగా పడున్న చీర. నీలం రంగు నూలుచీర. తీసి విప్పితే... మడత మడతకీ గీత. కాగితం మడిచి విప్పినట్టు.

"ఇటివ్వు, ఇస్త్రీ చేస్తాను."

"టైము లేదు."

"అట్లా వెళ్తే, దర్జీ ఇంట్లో ఉండి ఇదేం కర్మ అంటారు. నా పరువు పోతుంది."

"పోనీ. రేపట్నుంచి నేనుండనుగా."

అనకూడని మాట. అనేశాక తెలిసింది.

మిషను ఆగింది. కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకుంది. దర్జీ ఆవిడ సూదిలోకి దారం ఎక్కించబోయి, గురి తప్పి, మళ్ళీ ఎక్కించబోయి, మళ్ళీ తప్పి...

"నీ పెట్టె నేనే బస్సు దగ్గరికి చేరుస్తాను. మూడింటికి. ఆలస్యం చేశావంటే పెట్టె వెళ్ళిపోతుంది, నువ్వుండిపోతావు" అంది చివరికి.

బెదిరింపో, ఆశో.

బడిలో అభ్యాసం చేసే గది. ఆరు మంచాలు. మొదటి మంచం మీద రబ్బరు రోగి. నిలువెత్తు బొమ్మ. పిల్లలు ఆయనకి తాతగారని పేరు పెట్టారు. ఈ ఏడాదిలో తాతగారికి పొడిచిన సూదులకి మనిషైతే జల్లెడైపోయేవాడు. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు పాపం.

ఎనిమిది మంది పిల్లలు. ఎనిమిది తెల్ల ఏప్రన్లు.

గోడకి తొమ్మిది కొక్కేలు. తొమ్మిదో కొక్కేనికి ఏప్రన్ వేలాడుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు. అందరూ చూడకుండా ఉండటం... అదొక రకంగా చూడటమే.

"ఇవాళ మీరు రోగి, టీచరమ్మా" అన్నారు. నవ్వులపిల్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. పొడుగుపిల్ల పక్క దులిపింది. పక్కదుప్పటి మూలలు కత్తితో కోసినట్టు వచ్చాయి. మొదటి రోజుల్లో ఆ మూలలు రావడానికి ముప్పుతిప్పలు పెట్టిన పిల్ల అది.

పడుకోబెట్టారు. దుప్పటి కప్పారు. తాతగారి పక్క మంచం.

ఒక్కొక్కరే వచ్చి నాడి చూశారు. చేతి గడియారం వంక చూస్తూ, పెదాలు కదుపుతూ, తాను నేర్పినట్టే మూడు వేళ్ళు మణికట్టు మీద ఆన్చి.

మొదటి పిల్ల డెబ్బై నాలుగంది.

రెండో పిల్ల డెబ్బై ఎనిమిది.

మూడో పిల్ల ఎనభై మూడంటే అందరూ గొల్లుమన్నారు. "ఏడాది నేర్పితే ఇదా మీరు లెక్కపెట్టేది!" అని ఆమె కూడా నవ్వింది.

ఐదో పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. ఎనిమిదోది నవ్వులపిల్ల. నవ్వడం లేదు.

"తొంభై ఆరు."

పై మేడ మీద దుప్పట్ల చప్పుడు... ఫట్... ఫట్...

ఎవరి లెక్కా తప్పు కాదని ఆమెకొక్కదానికే తెలుసు.

లేచి కూర్చుంది. ఏదో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా ఎన్ని బ్యాచీలకి ఎన్నిసార్లు చెప్పింది. నోరు తెరిచింది. వాళ్ళ భాషలో మాట రాలేదు. సరే అని తన భాష కోసం చూసింది.

అదీ రాలేదు.

"చేతులు కడుక్కోండి" అంది చివరికి.

ఏడుస్తున్న పిల్లలు నవ్వారు. నవ్వుతున్న పిల్లలు ఏడ్చారు. ఆమెకి మాత్రం ఏడుపు రాలేదు. రావాలి కదా అనుకుంది. ఎందుకు రావడం లేదు? రాతిగుండె అనుకుంటారేమో. నిజంగానే రాతిగుండేమో.

వరండాలోకి రాగానే బడి పెద్దావిడ ఎదురొచ్చింది. చేతిలో ఫలితాల కాగితం.

"ఇది రేపు పొద్దున పంపిస్తాను. ఇవాళ సాయంత్రం దాకా మీ చేతిలో పనే" అంది మెల్లగా. "మంచి పిల్ల. మీకే బాగా తెలుసు. ఒక్కటంటే ఒక్క తప్పు. మీరు ఊఁ అంటే..."

తొమ్మిదో పేరు. ఆ పేరు పక్కన సున్నా. తాను వేసిన సున్నా.

ఎడమచేతివాటం పిల్ల అది. సూది గుచ్చితే గుచ్చినట్టు తెలిసేది కాదు. అంత మెత్తని చెయ్యి పద్దెనిమిదేళ్ళలో ఆమె చూడలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజు తాతగారికి మాత్ర ఇవ్వాలి. చేతులు కడిగింది. దిండు సర్దింది. "తాతగారూ, దాహమేస్తోందా? కాసిని నీళ్ళు తాగుతారా?" అని రబ్బరు బొమ్మని నిజం మనిషిలా పలకరించింది. ఆ పలకరింపులో పడి, చేతికి కట్టిన పేరు పట్టీ చూడటం మరిచిపోయింది.

పక్క మంచం పేరున ఉంచిన మాత్ర తాతగారి నోట్లో పెట్టింది.

తాతగారికి ఏమీ కాలేదు. ఆయనకేమవుతుంది.

కానీ అక్కడ మనిషి ఉంటే?

పేరు చూడనిదే చెయ్యి ముందుకి పోకూడదు. మొదటి రోజు మొదటి గంటలో చెప్పిన మాట. ఆమె సున్నా వేసింది. సున్నా వస్తే ఏడాది మళ్ళీ చదవాలి. ఆ పిల్ల ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులైంది. రాలేదు. వాళ్ళ పిన్ని నడిపే లాండ్రీలో పని చేస్తోందని విన్నారు.

ఆ సున్నా సరైనదే. అనుమానం లేదు.

అనుమానం వేరే చోట ఉంది. ఆ పిల్లంటే తనకి ఇష్టమని మిగతా ఎనిమిది మందికీ తెలుసు. పక్షపాతం అంటారనే భయంతో వేసిందా? వేరే పిల్లయితే, పోనీలే, మళ్ళీ ఒకసారి చెయ్యమ్మా అని ఉండేదా?

ఎన్నిసార్లు తనని తాను అడిగినా ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది.

"సాయంత్రంలోపు ఫోన్ చేస్తాను" అంది పెద్దావిడతో. అప్పటికి రెండు కావస్తోంది.

వీధిలో గాలి ఎదురు కొడుతోంది. కొంగు నిలవడం లేదు. ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కుచ్చెళ్ళు. ఏడాదిగా నడిచిన వీధే, చీర కట్టుకుని నడుస్తుంటే కొత్తగా ఉంది. తాళాలు బాగుచేసే ముసలాయన తలెత్తి చూసి గుర్తుపట్టలేదు. తర్వాత గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

వెళ్తున్నానని అతనికి చెప్పాలా? అతనితో ఏడాదిలో మాట్లాడింది రెండుసార్లు. చెప్పకుండా వెళ్తే బాగుంటుందా? చెబితే వింతగా ఉంటుందా?

తల ఊపింది. అతనూ ఊపాడు. ఏమర్థమైందో ఏమో.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. ముందు ఇలా అనాలి, దానికి ఆ పిల్ల ఇలా అంటుంది, అప్పుడు తాను ఇలా... లాండ్రీ గుమ్మం చేరేసరికి ఒక్క మాటా మిగల్లేదు. గాలి అన్నీ ఎత్తుకుపోయింది.

గాజు తలుపు. లోపలంతా ఆవిరి.

"బట్టలా?" అంది గల్లా దగ్గర పిన్ని.

"కాదు. మనిషి కోసం వచ్చాను."

పిన్ని చీరని పైనుంచి కిందికి చూసింది. ఎవరో అర్థమైంది. మొహం ముడుచుకుంది. కానీ పక్కకి జరిగి దారిచ్చింది.

లోపల పెద్ద బల్ల. బల్ల మీద చొక్కా. ఆ పిల్ల ఎడమచేత్తో గిన్నెలోంచి నీళ్ళు తీసుకుని వేళ్ళు విడదీసి చొక్కా మీద చిలకరించింది. ఇస్త్రీపెట్టె పెట్టింది. చుయ్యిమంది.

తలెత్తి చూసింది. చెయ్యి ఆగలేదు.

"మూడింటికి కదా బస్సు" అంది.

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

చొక్కా కాలరు. చొక్కా భుజం. చొక్కా చెయ్యి.

"నా మీద కోపంగా ఉందా?"

"ఉంది." చొక్కా తిరగేసింది. "మొదటి రోజు మీ మీద. తర్వాత నా మీద. మధ్యలో ఒక రోజు తాతగారి మీద కూడా వచ్చింది. నోరు తెరిచి ఇది నాది కాదమ్మా అనొచ్చుగా ఆయన!"

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వారో లేదో... ఆవిరిలో సరిగా కనిపించలేదు.

అప్పుడు ఆమె, తాను అంటానని అనుకోని మాట అంది.

"కాగితం ఇంకా వెళ్ళలేదు. మార్చమంటావా?"

ఇస్త్రీపెట్టె ఆగింది. ఆ పిల్ల దాన్ని నిలువుగా నిలబెట్టింది. మొదటిసారి సూటిగా చూసింది.

"నన్నడుగుతారేంటి? టీచరు మీరా, నేనా?"

చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినట్టూ కాదు. నిద్రలో ఉన్న మనిషిని భుజం పట్టుకుని కుదిపినట్టు.

అవును. ఈ బరువు దించుకోవడానికే వచ్చిందా తాను ఇంత దూరం? ఈ పిల్ల నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని, బస్సెక్కడానికి?

"సున్నా గురించి కాదు" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి. "వేసేటప్పుడు మీరు నా వైపు చూళ్ళేదు. అదీ."

నిజమే. చూడలేదు.

చూస్తే చెయ్యి ఆగిపోతుందని చూడలేదు. ఆ మాట చెప్పొచ్చు. చెబితే సంజాయిషీలా ఉంటుంది. చెప్పకపోతే లెక్కలేనితనంలా ఉంటుంది. ఆమె నిలబడింది. ఆవిరి కళ్ళలోకి వచ్చింది. ఆవిరే అయి ఉంటుంది.

"చీరంతా మడతలే" అంది ఆ పిల్ల హఠాత్తుగా. "ఇలాగే వెళ్తారా అంత దూరం? ఇటివ్వండి."

ఇవ్వడమేమిటి, కట్టుకున్న చీర! ఆ పిల్ల బల్ల చుట్టూ తిరిగొచ్చి కొంగు అంచు పట్టుకుని బల్ల మీద పరిచింది. "కదలకండి" అంది.

కదల్లేదు. ఎలా కదులుతుంది? భుజం దగ్గర తాను. బల్ల మీద కొంగు. మధ్యలో బారెడు నీలం. కొంగు పట్టుకుని తిరిగే పిల్లల్ని చూసింది గానీ, కొంగు పట్టుబడి నిలబడిపోయిన తల్లిని తానెక్కడా చూడలేదు.

తల్లి... ఆ మాట ఎలా వచ్చింది మధ్యలో?

"ఏ బట్ట ఇది?"

"నూలు."

"రంగు పోతుందా?"

"పోదు."

అంచు తిప్పి చూసింది. వేలితో నలిపి చూసింది. ఒక మూల నీటి చుక్క వేసి ఆగి చూసింది. ఆ తర్వాతే చెయ్యి ముందుకి వెళ్ళింది.

కావాలనే చేసిందా? తనకి చూపించడానికా? లేక చేతికి అలవాటైపోయిందా?

ఇస్త్రీపెట్టె మెల్లగా, చాలా మెల్లగా జరిగింది. వెచ్చదనం బట్ట వెంబడి పాకుతూ వచ్చింది. భుజం దాకా వచ్చింది. పన్నెండు రోజులుగా... కాదు, ఏడాదిగా ఒంట్లో ఎక్కడో బిగుసుకుపోయి ఉన్నదేదో కొంచెం వదులైంది. కొంచెమే.

"ఈ ఒక్క మడతా పోవడం లేదు. పాతది."

"ఉండనీ."

"మళ్ళీ వస్తారా మీరు?"

"తెలీదమ్మా. నువ్వు? బడికి వెళ్తావా?"

"తెలీదు."

ఒకే మాట ఇద్దరి దగ్గరా. పంచుకోవడానికి ఇంకేమీ లేకపోతే అదే పంచుకున్నారు.

దగ్గరికి తీసుకోవాలనిపించింది. మధ్యలో బల్ల. బల్ల మీద కాలుతున్న పెట్టె. ఎటు నుంచి తిరిగి వెళ్ళాలా అని చూసేలోగా గల్లా దగ్గర నుంచి పిన్ని కేకేసింది. "ఆ చొక్కాలవలేదా ఇంకా?"

ఆ పిల్ల కొంగు తీసి ఆమె భుజం మీద వేసింది. సర్దింది. రోగికి దుప్పటి సర్దినట్టే.

ఆమె బయటికొచ్చింది.

గుమ్మం పక్కన నిలబడి ఫోన్ చేసింది. గాలికి మాట వినిపించక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అలాగే ఉంచండి."

"ఖాయమేనా?" అంది పెద్దావిడ.

"కాదు. అయినా అలాగే ఉంచండి." ఊపిరి తీసుకుంది. "మూడు నెలల్లో మళ్ళీ ఒక పరీక్ష పెట్టండి ఆ పిల్లకి. ఏడాది ఆపకండి. పెట్టేటప్పుడు... మొహం చూసి మార్కు వెయ్యమనండి."

"ఏమన్నారు? గాలి..."

"మొహం చూసి!"

"చూద్దాం" అంది పెద్దావిడ. తను చెప్పింది విని అందో, వినకుండా అందో.

సరైన పని చేసిందా? చేసినట్టే ఉంది. చెయ్యనట్టూ ఉంది. ఇల్లు గుర్తొచ్చింది. ఏ ఇల్లో ఒక్క క్షణం తేలలేదు. దర్జీ ఆవిడ కుట్టుమిషనూ, కూతురి పుస్తకాలున్న అరా ఒకే గదిలో ఉన్నట్టనిపించింది.

వీధి చివర బస్సు. బస్సు పక్కన పెట్టె. పెట్టె మీద కాలు వేసి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు దర్జీ ఆవిడ. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తోంది. రమ్మనో, వద్దనో... దూరం.

ఆమె నాలుగడుగులు వేసింది. వెనక్కి తిరిగింది.

గాజు తలుపంతా ఆవిరి. ఆవిరి వెనక ఆ పిల్ల. మొహం ఇటు ఉందో, బల్ల వైపు ఉందో తెలియడం లేదు.

ఎడమచెయ్యి పైకి లేచింది. వేళ్ళు విడివడ్డాయి.

వెళ్ళిరమ్మనా...

బల్ల మీది చొక్కాకి నీళ్ళు చిలకరించడానికా...

బస్సు హారన్ కొట్టింది. దర్జీ ఆవిడ అరుస్తూనే ఉంది.

ఎందుకైనా మంచిదని, ఆమె కూడా చెయ్యెత్తింది.